ఎరుపు పైన, నీలం కింద

ఆ వేసవిలో మా బావ బస్సు నడపడం మానేశాడు. కళ్ళ డాక్టరు మాన్పించాడని మా చుట్టాలంతా అనుకుంటారు. అడిగినవాళ్ళకి మేమూ అదే చెప్తాం. నిజానికి మాన్పించింది మూరెడు పొడవున్న బొమ్మ హెలికాప్టరు. దాన్ని ఇంటికి తెచ్చింది నేను కాబట్టి ఇదంతా చెప్పాల్సిన పూచీ కూడా నాదే.

బావ స్కూలు బస్సు డ్రైవరు. పంతొమ్మిదేళ్ళుగా ఒకే బడి, ఒకే రూటు, నలభై రెండు సీట్లు. ఇన్నేళ్ళలో ఆ బస్సుకి ఒక్క సొట్ట పడలేదు. ఆయన చూపు గురించి మా వీధిలో గొప్పగా చెప్పుకునేవారు. దూరంగా నిలబడే ఏ టైరులో గాలి తగ్గిందో చెప్పేవాడు. అక్క గోడకి క్యాలెండరు తగిలిస్తే గది ఆ చివరి నుంచే కుడివైపు రవ్వంత దిగిందనేవాడు. అక్క మొండికేసి టేపు పెట్టి కొలిచేది, చూస్తే దిగే ఉండేది. అక్క టైలరు. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది కాబట్టి ఇలాంటి పందాలకి వేరే ఏర్పాట్లు అక్కర్లేదు. నేను పన్నెండో ఏట వాళ్ళింటికి వచ్చాను, అక్కడే తిని, అక్కడే తిట్లు తిని, ఫ్రిజ్ మెకానిక్‌నయ్యాను.

వేసవంటే నాకు ఊపిరాడని పని, బావకి ఏడు వారాల సెలవులు. స్టీరింగు లేని బావని ఇంట్లో భరించడం ఎంత కష్టమో అక్కకే తెలుసు. రెండో రోజుకే వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం వరసగా సర్దేశాడు. ఉప్పు అనుకుని పంచదార వేసిన కూర తిన్నాక, ఆయనకి ఏదో ఒక పని చూపించమని అక్క నన్ను పట్టుకుని బతిమాలింది. సరిగ్గా ఆ వారమే ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక పంటి డాక్టరు నాకో అట్టపెట్టె ఇచ్చాడు. అందులో సగం విప్పిన హెలికాప్టరు, రిమోటు, రెండు బ్యాటరీలు, నూనె మరకల పుస్తకం ఉన్నాయి. మూడుసార్లు ఎగరేసి మూడుసార్లు విరగ్గొట్టానని, ఇక ఆ ముచ్చట నువ్వు తీర్చుకోమని చెప్పాడు.

పెట్టె చూడగానే అక్క మరో చెత్త వచ్చిందని మొహం ముడుచుకుంది. బావ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం లాక్కున్నాడు. ఆ రోజు నుంచి మా భోజనాల బల్ల భోజనాలకి పనికిరాలేదు.

హెలికాప్టరు చూడ్డానికి బొమ్మే గాని, పెళ్ళివారికన్నా ఎక్కువ మర్యాదలు కోరుతుంది. నడిమి కడ్డీకి ఒకదానిమీద ఒకటిగా రెండు పళ్ళేలుంటాయి. కిందిది తిరగదు, పైది రెక్కలతోపాటు తిరుగుతుంది. రిమోటు మీద పుల్ల మధ్యలో ఉన్నప్పుడు ఆ పళ్ళేలు అణువంత కూడా వాలకూడదు. వాటిని వంచే మూడు చిన్న మోటార్ల చేతులు సరిగ్గా అడ్డంగా నిలబడాలి. నేను స్కేలూ మూలమట్టమూ పెట్టి గంటసేపు కుస్తీపడితే, బావ వచ్చి ఒక కన్ను చికిలించి చూసి, వెనకది కొంచెం లేపమనేవాడు. లేపితే సరిపోయేది. బరువు సమానమో లేదో చూడ్డానికి రెండు రెక్కలకీ మధ్యలో బోల్టు బిగించి రెండు గ్లాసుల మధ్య ఆనించాం. ఒకటి కిందికి వాలింది. తేలికగా ఉన్న రెక్క కొసకి ప్లాస్టరు టేపు అంటిస్తూ, కత్తిరిస్తూ, మళ్ళీ అంటిస్తూ ఒక ఆదివారమంతా గడిపాం. ఆ వారమంతా బావ ఎంత ఉల్లాసంగా ఉన్నాడంటే, అక్క డబ్బాలు మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేసినా గమనించలేదు.

ఇంటి వెనక మూతపడ్డ గోడౌను, దాని ముందు సిమెంటు చప్టా ఉన్నాయి. గాలి లేవకముందే, ఉదయం ఆరింటికల్లా అక్కడికి చేరేవాళ్ళం. మొదట చూడాల్సింది రెక్కల వరస. తిరిగేటప్పుడు రెండు రెక్కలూ ఒకే ఎత్తులో తిరగాలి. పక్క నుంచి చూస్తే పళ్ళెం అంచులా ఒకే గీత కనిపించాలి. ఒక రెక్క పైన, ఒకటి కింద తిరిగితే రెండు గీతలు కనిపిస్తాయి, బండి వణికిపోతుంది. ఏది పైనుందో తెలియడానికి ఒక రెక్క కొసకి ఎర్ర టేపు, రెండోదానికి నీలం టేపు అంటిస్తారు. ఈ పని ఒక్కడి వల్ల కాదు. ఒకరు రిమోటు పట్టుకుని బండిని నడుమెత్తున నిలపాలి. రెండోవాళ్ళు దూరంగా కూర్చుని, కళ్ళు రెక్కల ఎత్తుకి తెచ్చుకుని చూసి చెప్పాలి. బండి దిగాక రెక్క మొదట్లో ఉన్న సన్నని కడ్డీని ఒక చుట్టో అరచుట్టో తిప్పి, మళ్ళీ ఎగరేసి చూడాలి.

చూసే పని ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. బావ ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఇరవై అడుగుల దూరంలో కూర్చున్నాడు. రెక్క ఊడి వచ్చి మొహాన తగులుతుందేమోనని అక్క భయపడి నా స్కూటరు హెల్మెట్ ఆయన నెత్తిన పెట్టి పంపింది. హెల్మెట్ అద్దం పైకెత్తుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా కూర్చున్నాడు.

బండి లేచింది. నేలకి జానెడెత్తుకి వచ్చేసరికే కాళ్ళు వణికిపోతున్నాయి, దానివీ నావీ కూడా.

"ఎరుపు పైన, నీలం కింద" అని అరిచాడు బావ. "రెండు వేళ్ళ ఎడం ఉంది."

అది నా చోటి నుంచి కూడా తెలుస్తోంది. రెండు గీతలు స్పష్టంగా ఉన్నాయి. బండి దింపి కడ్డీ రెండు చుట్లు తిప్పాను. ఎడం వేలెడయింది. ఇంకో చుట్టు తిప్పితే బియ్యపు గింజంత అయింది. మరో అరచుట్టు తిప్పాక బావ తల అటూ ఇటూ వంచి చూసి, ఇవాళ్టికి చాల్లే అన్నాడు. వణుకు దాదాపు పోయింది. ఆ కడ్డీ పొడవు ఎంతో చిన్న స్కేలుతో కొలిచి పుస్తకం అట్టమీద రాసుకున్నాను. ఇంటికొచ్చి బావ అక్కకి ఆ రెండు గీతల సంగతి నాలుగుసార్లు చెప్పాడు. అంత సంబరం ఎందుకో నాకు అర్థం కాలేదు.

మర్నాటి నుంచే తంటా మొదలైంది. బియ్యపు గింజంత ఎడం ఎంతకీ పోలేదు. బావ ఎరుపు పైనంటే కడ్డీ తిప్పేవాణ్ణి, మర్నాడు నీలం పైనంటే వెనక్కి తిప్పేవాణ్ణి. రోజులు గడిచే కొద్దీ బండి నెమ్మదించాల్సింది పోయి మళ్ళీ వణకడం మొదలెట్టింది. తప్పు బేరింగులదనుకున్నాను, మార్చాను. నడిమి కడ్డీ వంగిందనుకున్నాను, గాజుపలక మీద దొర్లించి చూశాను, తిన్నగానే ఉంది. తోక దగ్గర బెల్టు బిగించాను, వదులు చేశాను. పంటి డాక్టరుకి ఫోను చేస్తే, ఆ బండికి నా దిష్టి తగిలిందని నవ్వాడు. మూడు వారాల పాటు ఆ హెలికాప్టరులో అనుమానించని స్క్రూ లేదు. ఇరవై అడుగుల దూరంలో స్టూలు మీద కూర్చున్న మనిషి చూపుని మాత్రం అనుమానించాలని తోచలేదు. తోచి ఉంటే నాకు నేనే చెంపలేసుకునేవాణ్ణి.

ఒక ఉదయం కడ్డీ ఊడదీసి చేతిలో పట్టుకున్నానో లేదో కస్టమరు ఫోను. ఫ్రిజ్ కింద మడుగు కట్టిందట. ఆమెకి నచ్చజెప్పి, పదింటికి వస్తానని ఒట్టు పెట్టి, ఫోను జేబులో వేసుకుని కడ్డీని తిరిగి నొక్కేశాను. బండి లేచింది. ఇందాక ఎరుపు పైనుందన్న బావ ఇప్పుడు నీలం పైకొచ్చిందని, ఎక్కువ తిప్పేశానని కేకేశాడు. సరేనని బండి దింపి కడ్డీకి చెయ్యి వేసినప్పుడు గుర్తొచ్చింది, నేను అసలు తిప్పనే లేదు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కడ్డీ తిప్పినట్టు నటించి మళ్ళీ ఎగరేశాను. ఎరుపు పైనన్నాడు. మళ్ళీ నటించాను. ఈసారి కాసేపు ఆలోచించి, నీలం అనుకుంటా, అన్నాడు. తనకి చూడ్డమే తప్ప అనుకోవడం తెలియదని గొప్పలు పోయే మనిషి, 'అనుకుంటా' అన్నాడు. ఎండెక్కింది, రేపు చూద్దాం అని పెట్టె సర్దేశాను.

ఆ మధ్యాహ్నం పుస్తకం అట్టమీద రాసుకున్న కొలతకి కడ్డీని తెచ్చి పెట్టాను. మర్నాడు బండి లేచి, అరచేతిలో పెట్టుకున్నట్టు గాల్లో నిలబడిపోయింది. వణుకన్నదే లేదు. మూడు వారాలుగా నేను కలగన్నది అదే గాని, ఆ క్షణాన ఒక్క పిసరు సంతోషం కలగలేదు.

"ఎరుపు పైన" అన్నాడు బావ. "బియ్యపు గింజంత."

నేను బండి దింపకుండానే అక్కని గట్టిగా పిలిచాను. అప్పటికే మిషను ముందు కూర్చున్నట్టుంది, మెడలో టేపుతో, నోట్లో గుండుసూదితో వచ్చింది. బావ పక్కన నిలబడి, కొంచెం వంగి, ఎన్ని గీతలున్నాయో చెప్పమన్నాను. అక్క సూది చేతిలోకి తీసుకుంది.

"ఒకటే గీత" అంది. "ఎందుకురా, ఏమైంది?"

ఏం కాలేదు, ఊరికేనన్నాను. దీనికోసం నా పని చెడగొట్టావా అని సణుక్కుంటూ వెళ్ళిపోయింది. బావ హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను బండి దింపాను. రెక్కలు ఆగాయి.

ముందు బావే నోరు విప్పాడు. పరీక్షల నెల నుంచీ ఇలాగే ఉందట. మొదట సాయంత్రాలు మాత్రమే, అలిసిపోయినప్పుడు, దూరంగా ఉన్నది ఒకటి రెండుగా కనిపించేది. రెండోది కొంచెం పక్కకి, కొంచెం పైకి ఉంటుంది. ఎడమ కన్ను మూసుకుంటే పోతుంది. పరీక్షలయ్యేదాకా అలాగే ఒక కన్ను మూసుకుని, అది అలిసినప్పుడు ఏది అసలుదో లెక్కేసుకుని నడిపాడట.

"పిల్లలతోనా?" అన్నాను.

"పిల్లలతోనే."

నాకు కోపం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక బావ మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. మరి నన్ను మూడు వారాలు ఎందుకు తిప్పావని అడిగాను. ఆ మాట అడగడం ఎంత చిన్నతనమో అప్పుడే తెలుస్తోంది, అయినా అడిగాను.

"మొదటిరోజు నీకూ రెండు గీతలు కనిపించాయి చూడు" అన్నాడు బావ. "నేను రెండు చూశాను, అక్కడ నిజంగానే రెండు ఉన్నాయి. రెండు నెలల తర్వాత ఆ రోజే హాయిగా నిద్రపోయానురా. తప్పు నాది కాదు, బండిది అనిపించింది. నువ్వు తిప్పుతూ పోతే ఏదో ఒక ఉదయం నాకూ ఒకటే గీత కనిపిస్తుందనుకున్నా."

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆయన పక్కన సిమెంటు మీద చతికిలబడ్డాను. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే వెళ్దామన్నాడు. అద్దాలతో సర్దుకోవచ్చు, మందులతో తగ్గొచ్చు, ఎందుకు తగ్గదు అన్నాడు. బడి తెరవడానికి పదకొండు రోజులుంది, ఈలోగా తగ్గకపోతే అన్నాను. అక్కకి చెప్పొద్దని మాత్రం అన్నాడు.

"నువ్వే చెప్పు బావా. అక్కకీ, బడిలో ప్రిన్సిపాల్ మేడంగారికీ. బడి తెరిచేలోగా నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

"ఈ చూపు తప్ప నా దగ్గర ఏముందిరా?" అని లేచి స్టూలు తీసుకుని వెళ్ళిపోయాడు.

డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అక్కతో కళ్ళజోడు మార్పించడానికన్నాం. డాక్టరు టార్చి వేసి, వేలు అటూ ఇటూ తిప్పి, కంటిని కదిలించే నరం బలహీనపడిందని చెప్పాడు. కొన్ని పరీక్షలు రాశాడు. తగ్గడానికి నెలలు పట్టొచ్చు, తగ్గకపోనూవచ్చు, అంతవరకూ బండి మాత్రం ముట్టుకోవద్దన్నాడు. బావ బుద్ధిగా తలూపాడు. బయటికొచ్చాక, ఆయన అన్నది స్కూటరు గురించేమోలే అన్నాడు. నవ్వించడానికి అన్నాడో నిజంగా అన్నాడో ఇప్పటికీ తెలియదు. నేను నవ్వలేదు.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అడక్కుండానే కూర వడ్డించే మనిషి, గిన్నె నా వైపు తోసి ఊరుకునేవాడు. బామ్మర్దీ అని పిలిచే నోటితో మెకానిక్ గారూ అనడం మొదలెట్టాడు. బొమ్మ కోసం ఇంత పోట్లాటా, సిగ్గులేదా ఇద్దరికీ అని అక్క చీవాట్లు పెట్టింది. హెలికాప్టరు పెట్టెలోనే ఉండిపోయింది. బావ సాయంత్రాలు మేడ మీద నిలబడి ఎదురింటి నీళ్ళ ట్యాంకుని చూస్తూ ఉండేవాడు. ఎన్ని కనిపిస్తున్నాయని అడగాలని నోటిదాకా వచ్చేది, అడగలేకపోయేవాణ్ణి. ఒక్కోరోజు మెట్లు దిగుతున్నప్పుడు మొహం తేటగా ఉండేది. ఆ రోజు ఒకటే ట్యాంకు కనిపించి ఉంటుందని నేనూ సంబరపడేవాణ్ణి. మర్నాడు మళ్ళీ మామూలే.

అక్కకి చెప్పేద్దామని రెండుసార్లు మిషను దాకా వెళ్ళాను. ఒకసారి దారం అందించి వచ్చేశాను, ఇంకోసారి కత్తెర అందించి వచ్చేశాను. నన్ను పెంచిన మనిషి అన్నం మీద చెయ్యి వేస్తున్నట్టు అనిపించేది. వెనక్కి రాగానే నలభై రెండు సీట్లు గుర్తొచ్చేవి. పెద్ద మాటలైతే అనేశాను గాని, ఆ మాట నిలబెట్టుకునే ధైర్యం నాకుందో లేదో నాకే తెలియదు.

బడి తెరవడానికి రెండు రోజుల ముందు బస్సులన్నిటినీ ఖాళీగా రూటంతా తిప్పి చూసుకోవాలి. ఆ ఉదయం బావ ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకున్నాడు. చెప్పులు వేసుకుంటూ, రారా, పక్కన కూర్చుందువుగాని అన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత మళ్ళీ రారా అన్నాడు.

బడి ఆవరణ ఖాళీగా ఉంది. కడిగిన బస్సులు వరసగా ఎండలో ఆరుతున్నాయి. బావ తన బస్సు చుట్టూ తిరిగి టైర్లు చూసుకున్నాడు. పైకెక్కి అద్దం తుడిచాడు, సీటు ముందుకి జరుపుకున్నాడు. నేను తలుపు దగ్గరి మొదటి సీట్లో, పిల్లలు కూర్చునే చోట, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. ఇంజను మొదలైంది. వాచ్‌మన్ పరిగెత్తుకెళ్ళి గేటు బార్లా తీశాడు. బస్సు మనిషి నడకంత నెమ్మదిగా గేటు వైపు కదిలింది. దిగిపోవాలా, ఆపమని అరవాలా, స్టీరింగు పట్టుకోవాలా అని నాలో నేను కొట్టుకుపోతున్నాను. గేటుకి పది గజాల ఇవతల బస్సు ఆగింది.

"గేటు స్తంభాలు ఎన్నిరా?"

"రెండు."

"నాకు నాలుగు" అన్నాడు బావ. "ఏ రెండింటి మధ్య నుంచి పోవాలో లెక్కేసుకుని పోతున్నా. ఇన్నాళ్ళూ సరిగ్గానే లెక్కేశాను."

రెండు కళ్ళూ తెరుచుకునే చూస్తున్నాడు. ఎడమ కన్ను మూసుకుంటే నాలుగూ రెండయిపోతాయని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన మూసుకోలేదు. కాసేపు అలాగే చూసి, చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఏమైందన్నట్టు చేతులూపాడు.

బావ లేచి, నన్ను దాటుకుని, సీట్ల మధ్య నుంచి వెనక్కి నడిచాడు. ఒక్కో సీటు దగ్గరా ఆగి, వంగి, సీటు మీదా కిందా చూస్తూ చివరిదాకా వెళ్ళాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆఖరి స్టాపు అయ్యాక చేసే పని అది. ఏ పిల్లో పిల్లాడో నిద్రపోయి లోపలే ఉండిపోయారేమోనని, అన్ని సీట్లూ చూడందే తాళం చెవి తీసేవాడు కాదు. ఆ రోజు బస్సులో పిల్లలెవరూ ఎక్కలేదు. అయినా నలభై రెండు సీట్లూ చూశాడు. ఒకచోట ఎప్పటిదో పెన్సిలు ముక్క దొరికితే జేబులో వేసుకున్నాడు. నేను వెనక్కి తిరిగి చూడలేక ముందున్న అద్దంలో చూస్తూ ఉండిపోయాను.

తిరిగొచ్చి తాళం చెవి తీసుకున్నాడు.

"ఎవరూ లేరు" అన్నాడు. "పద, మేడంగారికి ఇచ్చేసొద్దాం. తర్వాత మీ అక్కకి నేనే చెప్తాను."

లేచాను గాని కళ్ళల్లో నీళ్ళు నిండి మెట్లు కనిపించలేదు. బావ ముందు తాను దిగి, చిన్న క్లాసు పిల్లల్ని దింపినట్టు నా చెయ్యి పట్టుకుని దింపాడు.